టీ పిడకల గుడ్డలు, గీత గీసే సుద్ద

చీమలు ఆగిన చోట

ఆదివారం పొద్దున మా పాప మేఘన వంటింటి గడప దగ్గర కూర్చుని బొమ్మకు శాలువా కప్పి ఆడుకుంటోంది. శాలువా అంటే నేను కుట్టించే టీ గుడ్డల్లో కత్తిరింపు తప్పి మిగిలిన ముక్క. సగం కొరికిన చెనిక్కాయల బెల్లం ఉండను దాని మీదే పెట్టుకుంది. గోడ పగులులోంచి చీమలు బారుగా వచ్చాయి. బెల్లం కోసం బయలుదేరిన చీమలు మధ్యలో ఆగవని ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. ఇవి ఆగాయి. గుడ్డ అంచున తెల్లటి గీత ఒకటి ఉంది. అక్కడిదాకా వచ్చి, మీసాలు ఆడించి, వెనక్కి తిరిగాయి. దాటిన కొన్ని చీమలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి.

చేతిలో గరిటెతో చూస్తూ నిలబడిపోయాను. అప్పుడు కనిపించింది, ఆ గుడ్డ రెండో కొసను పాప నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

గుడ్డ లాగేశాను. కొళాయి కింద నోరు కడిగాను, చేతులు కడిగాను, మళ్లీ నోరు కడిగాను. పాప ఏడుస్తుంటే మా పెద్దవాడు చరణ్ బెదిరిపోయి, "నేనేం చేయలేదమ్మా" అన్నాడు. మా ఆయన బండి తీశాడు. మదనపల్లెలో మేం ఎప్పుడూ వెళ్లే డాక్టరమ్మ పాప కళ్లు, నాలుక చూసి, పొట్ట నొక్కి, నా వైపు తిరిగింది.

"ఇప్పటికైతే బాగానే ఉంది. దాని మీద ఉన్నది ఏం మందమ్మా?"

"తెలియదండీ."

"మీరు కుట్టించే గుడ్డే కదా?"

పాప గౌను సరిచేసి ఒళ్లోకి తీసుకున్నాను.

"అదేమిటో కనుక్కొని నాకు ఫోన్ చెయ్యండి. వాంతి అయినా, వణుకు వచ్చినా వెంటనే తీసుకురండి" అంది.

అలాంటివే కొత్త గుడ్డలు పెద్ద మూటగా కట్టి ముందురోజే కుప్పం పంపించాను. ఆదివారం సాయంత్రం రైలుకు అవి బెంగళూరు వెళ్తాయి. అక్కడ టీకి చుడతారు. ఆ టీని మనుషులు తాగుతారు.

ఆ పని ఏమిటి

నేనిప్పుడు ఆ పని మానేశాను. పింఛను తీసుకునే వయసు కాదు నాది. పిల్లలిద్దరూ ఇంకా నా కొంగు పట్టుకునే తిరుగుతున్నారు. కానీ కుట్టు నేర్చుకుంటున్న అమ్మాయిలు కొందరు ఈ పనిలోకి వస్తామని అడుగుతున్నారు. బీకాం చదివి ఇందులోకి దిగినప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు. అందుకని పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను.

టీ అంటే మనకు పొడి. అయితే ఆకును ఆవిరి పట్టించి, గుండ్రంగా అదిమి, రొట్టెలా గట్టిపడేలా చేసే రకం కూడా ఉంది. దాన్ని ఏళ్ల తరబడి దాచి, కొద్దికొద్దిగా గిల్లి కాచుకుంటారు. దాచిన కొద్దీ రుచి మారుతుందట. ప్లాస్టిక్‌లో పెడితే ఉక్కపోసి పాడవుతుంది. కాగితం చిరుగుతుంది. అవిసె నారతో నేసిన గుడ్డలో చుడితే గాలి ఆడుతుంది, తేమ నిలవదు. ఆ గుడ్డనే అందరూ లినెన్ అంటారు. మా వైపు దర్జీలు మాత్రం లెనిన్ అంటారు, ఎన్నిసార్లు దిద్దినా అంతే. మొదటిసారి ఆ టీ రొట్టెను చూసి పుంగనూరులో కుట్టుపని చేసే మునెమ్మక్క పడీపడీ నవ్వింది. "ఇది అచ్చం మా గోడకు కొట్టే పిడక గదమ్మా! దీనికి లెనిన్ గుడ్డా? మా పిడకలేం పాపం చేసినాయి?" ఆ రోజు నుంచి మా అందరికీ అవి టీ పిడకలే.

మదనపల్లెలో పట్టు నేసే ఇంట్లో ఒక మగ్గం ఈ గుడ్డకు మార్చారు. ఆ బట్టను నేను పుంగనూరు తీసుకెళ్తాను. మునెమ్మక్క స్టీలు పళ్లెం బోర్లించి, చుట్టూ గీత గీసి, అంచు వదిలి కత్తిరించి, చేత్తో కుడుతుంది. కుప్పంలో రాఘవప్ప కొంటాడు. బెంగళూరులో టీ అమ్మేవాళ్లకు రైల్లో పంపిస్తాడు. ఈ ముగ్గురి మధ్య తిరగడమే నా పని. తిరగడం కంటే పెద్ద పని వాసన చూడడం. పక్కన ఏదుంటే దాని వాసన టీ పీల్చేసుకుంటుంది. అందుకని ప్రతి గుడ్డనూ ముక్కుకు ఆనించి చూసి గానీ మూట కట్టకూడదు.

అప్పడం, పసుపు బొట్టు

ఇది నాకు నేర్పినవాడు రాఘవప్ప. అతని గురించి చివర్లో చేదు మాటలు రాయాల్సి ఉంది, అందుకని మంచి ముందే రాస్తున్నాను.

మొదటిసారి తీసుకెళ్లిన గుడ్డలకు మునెమ్మక్క గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. కొత్త గుడ్డ పెళపెళలాడకపోతే ఆమెకు అవమానం. రాఘవప్ప ఒకదాన్ని గుప్పిట్లో నలిపాడు.

"ఇది గుడ్డనా, అప్పడమా?"

"నీటుగా ఉండాలనప్పా..."

"ఎవురికి నీటు? గంజంటే అన్నమే గదా. నెమ్ము తగిలితే బూజు పడతాది. బూజుకు నువ్వే అన్నం పెట్టి పంపిస్తాండావు. తీసకపో."

తీసుకెళ్లి ఉడకబెట్టి, నీడలో ఆరబెట్టి తెచ్చాం. తర్వాతిసారి ప్రతి గుడ్డ మూలనా పసుపు బొట్టు ఉంది. పసుపు పెట్టకుండా కొత్త గుడ్డ గడప దాటితే మునెమ్మక్కకు మనసొప్పదు. రాఘవప్ప కూడా పసుపు పెట్టని కొత్త చొక్కా తొడుక్కోడు. చాలాసేపు మూటకేసి చూసి, "మూటకు పెట్టమ్మా, గుడ్డకు వద్దు. సామి మూటనే సూస్తాడులే" అన్నాడు. అప్పటి నుంచి పైన చుట్టిన గోనెకు ఒక పెద్ద పసుపు బొట్టు.

నేను మల్లెపూలు పెట్టుకుని వెళ్తే, "పో, ఎండలో నిలబడి రా" అనేవాడు. కొబ్బరినూనె రాసుకున్న రోజు మూట తాకనిచ్చేవాడు కాదు. తమాషా ఏమిటంటే అతను టీ తాగడు. పొద్దున రాగి అంబలి, సాయంత్రం మజ్జిగ. అయినా అతని ముక్కు దాటి ఏదీ రైలెక్కేది కాదు. దాంతో మా అందరికీ ఒక నమ్మకం కుదిరింది, వాసన లేకపోతే గుడ్డ మంచిదని. వాసన లేని చెడు కూడా ఉంటుందని అతనికీ తట్టలేదు, మాకూ తట్టలేదు.

మందు అన్న మాట

డాక్టరమ్మ దగ్గర నుంచి బయటికి రాగానే మునెమ్మక్కకు ఫోన్ చేశాను. మెట్ల మీదే నిలబడి, పాప చెప్పులు ఒక చేతిలో పట్టుకుని, పలకరింపు కూడా లేకుండా అడిగాను.

"అక్కా, గుడ్డలకు ఏమన్నా మందు పెట్టినావా?"



"ఏమంటివి?"

"మందక్కా. పాప ఆ గుడ్డ నోట్లో పెట్టుకునింది. నువ్వు మందు పెట్టినావా అని..."

"నేను మందు పెట్టేదాన్నా? నీ బిడ్డకు నేను మందు పెడతానా? నోరెట్లా వచ్చిందే నీకు!"

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఈ జిల్లాలో పుట్టిన నాకు ఆ మాట సంగతి తెలియక కాదు. పొలానికి కొట్టేదీ మందే, జ్వరానికి మింగేదీ మందే, సాయంత్రం మగవాళ్లు తాగేదీ మందే. కానీ ఒక ఆడమనిషిని పట్టుకుని మందు పెట్టినావా అంటే, అన్నంలో చెడుపు కలిపి ఒకరి ఇల్లు కూల్చావా అని అడిగినట్టే. అలాంటి నింద ఒకసారి పడితే ఊళ్లో ఆమె చేతి నీళ్లు ఎవరూ తాగరు. డాక్టరమ్మ నోట్లోంచి వచ్చిన మాటను అలాగే తీసుకెళ్లి ఆమె మొహాన కొట్టాను.

రాఘవప్పకు ఫోన్ చేశాను. మూట ఆపమన్నాను.

"ఏమైందమ్మా?"

"గుడ్డ మీద చీమలు చస్తాండాయప్పా."

"చీమలు చస్తే మంచిదే గదా. ఆడ టీ దించి గుడ్డల కోసరం కాసుకోనుండారు. ఏం మందో, ఎవురు పెట్టిందో చెప్పు, ఆపుతా. ఊరికే భయపడితే వ్యాపారం సాగదు."

మా ఆయన పాపను ఎత్తుకుని, "నువ్వు పుంగనూరు పో. ఇక్కడ నేను చూసుకుంటా" అన్నాడు. పాప నా కొంగు వదల్లేదు. దాని వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి బస్సెక్కాను.

పుంగనూరు

మునెమ్మక్క వాకిట్లోనే కూర్చుని ఉంది. ఏడ్చిన మొహం. నన్ను చూసి లేవలేదు.

"మందు పెట్టేదానింటికి యాల వచ్చినావమ్మా? నీళ్లు గూడా తాగబాకు, ఏం కలిపింటానో."

"అక్కా, తప్పుగా అడిగినాను. బిడ్డ నోట్లో సూసి నాకు మతి పోయింది."

"బిడ్డకు ఎట్లుండాది?" అంది, కోపంగానే.

"ఇప్పటికి బాగుండాది. డాక్టరమ్మకు అదేందో చెప్పాల. నువ్వేం పెట్టినావని కాదక్కా. ఈ బట్ట నీ ఇంటికొచ్చిన కాణ్ణించి నువ్వు ఏం చేస్తావో ఒకసారి సూపించు. అంతే."

కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత లేచి లోపలికి వెళ్లింది. బట్ట పరిచింది. పళ్లెం బోర్లించింది. మిషను మీదున్న తెల్లటి సుద్ద ముక్క తీసుకుని పళ్లెం చుట్టూ గీత గీసింది.

దర్జీ సుద్ద పలకలా, మూడు మూలలుగా ఉంటుంది. నేనే మదనపల్లెలో కొని ఇచ్చేదాన్ని. ఇది గుండ్రంగా, బడి సుద్దలా ఉంది.

"ఇది యాడిదక్కా?"

"నువ్విచ్చింది అయిపోయింది. సందు చివర అంగట్లో అడిగితే ఇచ్చినాడు. ఏం, సుద్దే గదా? బాగా పడతాంది గీత."

 ఇద్దరం ఆ ముక్క తీసుకుని అంగడికి వెళ్లాం.

"అన్నా, నేను నీకాడ ఏం సుద్ద తీసకపోయినా?" అని మునెమ్మక్క అడిగింది.

"గీత గీసే సుద్ద ఇయ్యమంటివి, ఇస్తి."

"అదే. గుడ్డ మింద గీత గీసేది."

"గుడ్డ మిందా!" అంగడతను చేస్తున్న పని ఆపేశాడు. "గీత గీసే సుద్దంటే చీమల సుద్ద గదమ్మా. ఊరంతా అట్లే అడుగుతారు. గోడెంబడి గీత గీసేది. పిల్లోళ్లకు అందనీబాకని అందరికీ చెప్తాండా. నీకూ చెప్పినానే!"

"చెప్పినావు. మా ఇంట్లో పిల్లోళ్లు లేరు గదా అనుకుంటి" అంది మునెమ్మక్క. అంగడి మెట్టు మీద కూర్చుంది. రెండు చేతులూ ఎవరివో అన్నట్టు మోకాళ్లకు దూరంగా పట్టుకుంది.

అంగడతను పెట్టె చూపించాడు. మీద చచ్చిన చీమ బొమ్మ ఉంది. విడిగా కొన్నది కాబట్టి ఆ బొమ్మ మునెమ్మక్క కంట పడలేదు. పెట్టెను ఫొటో తీసి డాక్టరమ్మకు పంపించి ఫోన్ చేశాను. గుడ్డ కొస చప్పరించింది అంతే కదా, గీతను నాకలేదు కదా అని రెండుసార్లు అడిగింది. "కొస మాత్రమే" అన్నాను. అలా అనడానికి నాకున్న ఆధారం నా కళ్లే, ఆ క్షణంలో ఆ కళ్లు ఎంత సరిగ్గా చూశాయో నాకు తెలియదు. "రాత్రిదాకా కనిపెట్టండి. పాప బట్టలన్నీ మార్చండి" అంది. మా ఆయన ఫోన్‌లో పాప నవ్వు వినిపించాడు. అది నవ్వో ఏడుపో పోల్చుకోవడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

మునెమ్మక్క సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని వచ్చింది. "పా, కుప్పం పోదాం" అంది. "నా చేత్తో గీసింది నేనే చెప్పాల. నువ్వు చెప్తే ఆయప్ప నీ భయం అంటాడు."

కుప్పం

 ప్రతి ఊరి దగ్గరా బస్సు ఆగుతుంటే రైలుకు ఇంకా ఎంతసేపుందో లెక్కపెట్టుకున్నాను. ఒక చోట గొర్రెల మంద అడ్డం వస్తే డ్రైవరు తాపీగా బీడీ వెలిగించాడు. "దిగి తోల్రాదా నాయనా, నువ్వేం గొర్రెల పెండ్లికొచ్చినావా?" అని మునెమ్మక్క కేక పెట్టింది. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

రాఘవప్ప అంగడి ముందు ఆటో నిలబడి ఉంది. మా మూట అందులో ఉంది. పసుపు బొట్టు దూరం నుంచే కనిపించింది.

చెప్పాల్సిందంతా మునెమ్మక్కే చెప్పింది, ఒక్క మాట దాచకుండా. రాఘవప్ప మూట దింపించి, విప్పించి, ఒక గుడ్డ తీసి ముక్కుకు ఆనించుకున్నాడు. ఇంకొకటి తీశాడు.

"ఏ వాసనా లేదే."

"దానికి వాసన లేదప్పా" అన్నాను.

"వాసన లేకుంటే టీకి పట్టదు. దులిపి పంపుదాం. సుద్ద దులిపితే పోతాది."

"చీమను చంపేది దులిపితే పోతాదా?" అంది మునెమ్మక్క. "నువ్వు తాగుతావాప్పా ఆ టీ?"

"నేను టీ తాగను గదా."

"అందుకే!"

ఆటో అతను పక్కకు తిరిగి నవ్వాపుకున్నాడు. రాఘవప్ప మొహం ఎర్రబడింది. "సూడమ్మా," అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "ఈ సారి గుడ్డ పోలేదంటే వాళ్లు ఇంకో చోట సూసుకుంటారు. నీ మగ్గం పోతాది, ఈమె కుట్టు పోతాది. దులిపితే ఎవురికి తెలుస్తాది? కొంచెం ఆలోచన చెయ్యి."

ఆలోచించాను. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మదనపల్లెలో మగ్గం మీద సగం నేసిన బట్ట కళ్ల ముందు మెదిలింది. పంపకపోతే నష్టమేమిటో అతను చెప్పాడు. పంపితే నష్టం ఎవరికో, ఏ ఊళ్లోనో, ఎన్నేళ్ల తర్వాతో. అంత దూరం ఉన్నందువల్లే పంపడం తేలిగ్గా ఉంది. అతను రైలు సంగతి ఆటో అతనితో చెబుతూ గోనె మళ్లీ చుట్టబోయాడు.

అంగడి ముందు నీళ్ల డ్రమ్ము ఉంది. పక్కన బకెట్. నింపి మూట మీద కుమ్మరించాను. మళ్లీ నింపాను. తడి గుడ్డను టీ దగ్గరికి ఎవరూ రానివ్వరు. ఆ సంగతి నాకు నేర్పింది అతనే. గోనె మీది పసుపు కరిగి నీళ్లతో పాటు మెట్ల మీదికి పారింది.

 తర్వాత రాఘవప్ప ఫోన్ తీసి బెంగళూరుకు చేశాడు. "మూట తడిసిపోయింది సార్. ఈడ నీళ్లు పడినాయి" అన్నాడు. ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండానే అన్నాడు. "నువ్వు ఇంక ఈ గడప తొక్కబాకు."

రాత్రికి ఇల్లు చేరాను. పాప నిద్రపోతోంది. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూశాను. అలా ఎన్నిసార్లు చూశానో. ఇంట్లో ఉన్న గుడ్డ ముక్కలన్నీ కవర్లో కట్టి పిల్లలకు అందని ఎత్తులో పెట్టాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

రాఘవప్ప చెడ్డవాడని మీతో అనిపించడానికి ఇది రాయలేదు. వాసన విషయంలో అంత కచ్చితంగా ఉండే మనిషి, తన ముక్కుకు అందని దాన్ని లేదనుకోగలిగాడు. ప్రతి పనిలోనూ అలాంటి పెద్దలు ఉంటారు. వాళ్లు నేర్పింది నేర్చుకోండి, వాళ్లు ఆగిన చోట మీరు ఆగకండి. మునెమ్మక్క ఇప్పుడు దిండు గలీబులు కుడుతోంది. నాతో మాట్లాడుతుంది, కానీ ఇంకా ఒక్కోసారి నీళ్లు ఇచ్చేటప్పుడు "తాగుతావా?" అని నా కళ్లలోకి చూస్తుంది. తాగుతాను.

గుడ్డ నోటికి తగిలే వస్తువుకు చుట్టేది అయితే, దాన్ని తాకిన ప్రతిదాన్నీ కంటితో చూడండి. సూది, నూనె, సుద్ద, పరిచిన చాప. పేరు విని ఊరుకోకండి, ఒక్కో అంగట్లో ఒక్కో పేరుకు ఒక్కో వస్తువు ఇస్తారు. అన్నిటికంటే ముందు, అడగడం నేర్చుకోండి. "నువ్వేం చేశావు" అని అడిగితే మనిషి తలుపు వేసుకుంటుంది. "ఎట్లా చేస్తావో చూపించు" అంటే పళ్లెం బోర్లించి చూపిస్తుంది. ఆ రోజు ఫోన్‌లో అలా అడిగి ఉంటే సుద్ద సంగతి మెట్ల మీదే తెలిసేది.

మర్నాడు పొద్దున

పాప లేచి, ఆకలి అంది. ఆ మాట కోసం రాత్రంతా కాచుకుని ఉన్నాను. సంగటి ముద్ద చేసి పెట్టాను. తింటూ తింటూ బొమ్మ శాలువా ఏదని అడిగింది.

"అది చెడిపోయింది. ఇంకోటి కుడతాను" అన్నాను.

చరణ్ గిన్నెలోకి చూస్తూ ఉన్నాడు. కాసేపటికి, "అమ్మా, నిన్న నువ్వు నన్ను కొడతావనుకున్నా" అన్నాడు. "ఆ తెల్ల సుద్ద ముక్క ఒకటి గుడ్డల సంచిలో ఉండింది. పలక మీద రాద్దామని తీసినా. నిన్ను అడిగితే తిడతావని అడగలేదు. నీకు భయమేసి అరుస్తాండావు కదా, అప్పుడు అల్మారా కింద పడేసినా."

అల్మారా కింద చెయ్యి పెట్టాను. ఉంది. కాగితంలో చుట్టి తీశాను. వాడి చేతులు సబ్బుతో కడిగాను, గోళ్ల సందులు కూడా.  తర్వాత ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను.

"ఏదైనా తెలియకపోతే నన్ను అడగండి. నేను పనిలో ఉన్నా, అరుస్తున్నా, ఏడుస్తున్నా అడగండి. అడిగినందుకు ఈ ఇంట్లో ఎవరూ తిట్టరు."

చరణ్ ఆలోచించాడు. "అయితే అడుగుతా. పొద్దెక్కింది, ఈరోజు పనికి పోవా?"

"పోను. ఆ గుడ్డల మీద నీళ్లు పోసేశాను. అందుకని నన్ను రావద్దన్నారు."

"తప్పు చేసినావా?"

"లేదు" అని చెప్పాను.